ఈల మోగని వైపు

సెప్టెంబర్ 6, ఆదివారం

సీజన్‌లో మొదటి బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయిపోయింది. మైకు మేడమ్ మొదటి రోజే మొదలుపెట్టింది. అమ్మాయిల జట్టు కోచ్‌కి మా రెఫరీలందరం కలిసి పెట్టుకున్న పేరది. హాల్లో అసలు మైకు చెడిపోయినా బాధ లేదు, ఆవిడుంటే వీధి చివరి దాకా స్కోరు వినిపిస్తుంది.

రెండో క్వార్టర్‌లో మూడుసార్లు లేచింది. నాలుగో క్వార్టర్‌లో ఇక కూర్చోనేలేదు. "సార్, గీత తొక్కింది కదా! సార్, ఆ చెయ్యి చూళ్ళేదా?" పందొమ్మిదేళ్ళుగా విజిల్ ఊదుతున్నాను. కోచ్‌లు అరుస్తుంటే చెవులు లేనట్టు పరిగెత్తడం నాకు బాగా అలవాటే. కానీ చివర్లో ఒక మాటంది. "సార్, ఒకసారి వెళ్ళి కళ్ళు చూపించుకోండి."

నోరు జారినందుకు టెక్నికల్ ఫౌల్ ఇచ్చాను. ఆ మాట ప్రతి రెఫరీ ప్రతి సీజన్లోనూ పడేదే. అయినా ఊరుకోకూడదు. ఒకసారి ఊరుకుంటే ఆ తర్వాత బెంచి మీద నీళ్ళ సీసాలు కూడా మనకి పాఠాలు చెబుతాయి.

బట్టలు మార్చుకునే గదిలో పొడుగోడు, అంటే ఈ సీజన్ నాతో జంటగా వేసిన కుర్ర రెఫరీ, బూట్లు విప్పుకుంటూ "అన్నా, ఆ గీత తొక్కిన మాట మాత్రం నిజమే" అన్నాడు.

వాడికిది రెండో సీజన్. ఏం తెలుసని.

సెప్టెంబర్ 7, సోమవారం

నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సులో ఇవాళ మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు వచ్చాయి. అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఒకచోట మోతాదు పక్కన సున్నా ఒకటి ఎక్కువ పడింది. నాకంటే ముందు ఇద్దరు చదివి వదిలేసిన తప్పు అది. నేను పట్టాను. ఫోర్‌మన్ ఆ కాగితాన్ని అందరికీ చూపించి, "ఇవి కళ్ళు కావయ్యా, భూతద్దాలు" అన్నాడు.

మైకు మేడమ్ వచ్చి వినాల్సింది.

సెప్టెంబర్ 20, ఆదివారం

గ్లాసు పగిలింది. మా ఆవిడ ఎప్పుడూ నా ఎడమ చేతి పక్కనే పెడుతుంది. అక్కడ పెట్టొద్దంటే వినదు. "ఈ నెలలో ఇది మూడోది. ఎదురుగా ఉన్న గ్లాసు కూడా కనపడదా?" అంది.

ఎదురుగా లేదు, పక్కన ఉంది అన్నాను. భార్యకి కూడా టెక్నికల్ ఫౌల్ ఇచ్చే రూలుంటే ఎంత బాగుండేదో!

సెప్టెంబర్ 27, ఆదివారం

ఇవాళ మగపిల్లల మ్యాచ్. రెండు జట్ల కోచ్‌లూ నా మీదకి వచ్చారు. ఒకాయన స్కోరర్ టేబుల్ మీద అట్ట విసిరాడు. రెండోవాడు నన్నేమీ అనలేదు, వాళ్ళ పిల్లలతో అన్నాడు, నాకు వినపడేలా: "బంతి ఆ పక్కకి తీసుకెళ్ళండ్రా, ఆయన ఆ పక్క చూడడు."

రెండు జట్లూ తిట్టాయంటే నేను ఎవరి పక్షమూ కాదన్నట్టే కదా. ఆ ఆలోచనతోనే ఇంటికి వచ్చాను. నడక మధ్యలో ఒకసారి ఆగి, "ఆ పక్క" అంటే ఏ పక్క అనుకున్నాను. తర్వాత వదిలేశాను.

అక్టోబర్ 4, ఆదివారం

పొడుగోడు నేను చూడాల్సిన వైపు కూడా విజిల్ ఊదుతున్నాడు. చెప్పాలి.

అక్టోబర్ 11, ఆదివారం

చెప్పాను.

"బేస్‌లైన్ దగ్గర, బుట్ట కింద ఉన్నది నేను. నా దగ్గర జరిగే ఫౌల్‌కి మధ్య గీత దగ్గర నిలబడి నువ్వెందుకు ఊదుతావు?"

వాడు తల వంచుకున్నాడు. "మీరు ఊదలేదు కదన్నా."

"ఫౌల్ కాదు కాబట్టి ఊదలేదు."

"సరే అన్నా."

ఆ 'సరే' నాకు నచ్చలేదు. అసోసియేషన్ కార్యదర్శికి ఫోన్ చేసి జంట మార్చమని అడిగాను. "సీజన్ మధ్యలో ఎక్కడ మార్చనయ్యా, సర్దుకో. ఫైనల్ నీకే వేస్తున్నాను, సంతోషంగా ఉండు" అన్నాడు. సంతోషంగానే ఉన్నాను.

అక్టోబర్ 18, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపు రిపోర్టు ఇవ్వాలి కాబట్టి.

మైకు మేడమ్ జట్టు మ్యాచ్. నాలుగో క్వార్టర్, ఇంకో రెండు నిమిషాలుంది, రెండు పాయింట్ల తేడా. నేను బేస్‌లైన్ దగ్గర ఉన్నాను. బంతి రింగుకి తగిలి పైకి లేచింది. ఆవిడ జట్టులో తొమ్మిదో నంబరు అమ్మాయి, అందరికంటే పొట్టిది, అందరికంటే ఎత్తుకి ఎగిరేది, రీబౌండ్‌కి ఎగిరింది. అవతలి జట్టు వాళ్ళకి బంతి దొరికింది. వాళ్ళు పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. అటు బుట్టలో పడింది. వెనక్కి తిరిగితే తొమ్మిదో నంబరు నేల మీద ఉంది. మోకాలు పట్టుకుని ఉంది. ముక్కు నుంచి రక్తం.

హాలంతా లేచి నిలబడింది. ఎందుకో నాకు తెలియలేదు. ఏం జరిగిందో చూసినవాళ్ళు లేచారు. చూడాల్సిన నేను చూడలేదు. పొడుగోడికి మధ్యలో నలుగురు అడ్డం ఉన్నారట.

మైకు మేడమ్ కోర్టులోకి వచ్చేసింది. "మోచేత్తో మొహం మీద కొట్టింది సార్! మీ పక్కనే! మూడడుగుల్లో!" కోర్టులోకి వచ్చినందుకు మొదటి టెక్నికల్ ఇచ్చాను. టేబుల్ వైపు తిరిగి చేతులతో 'టి' చూపిస్తున్నాను, అంతలో ఆవిడ నన్ను తోసింది. ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు మీదికొచ్చి నా ఎడమ భుజం పట్టుకుని తోసింది. నేను పడబోయాను. రెండో టెక్నికల్ ఇచ్చి, హాల్లోంచి బయటికి పంపేశాను.

వెళ్తూ వెళ్తూ ఆవిడ అరవలేదు. అదే వింతగా ఉంది.

అక్టోబర్ 19, సోమవారం

రిపోర్టు ఇచ్చాను. 'కోచ్ వెనక నుంచి వచ్చి రెఫరీని బలంగా తోశారు' అని రాశాను. కింద పొడుగోడూ సంతకం పెట్టాడు.

అక్టోబర్ 20, మంగళవారం

తోసింది. భుజం మీద ఇంకా తెలుస్తూనే ఉంది.

అక్టోబర్ 23, శుక్రవారం

తోసింది.

నవంబర్ 1, ఆదివారం

ఆవిడని ఏడాది పాటు నిషేధించారు. హాలు గడప తొక్కకూడదు. క్లబ్బు వాళ్ళు మర్నాడే ఉద్యోగం లోంచి తీసేశారట. పదకొండేళ్ళుగా ఆ జట్టుని ఆవిడే నడిపింది. తొమ్మిదో నంబరుకి మోకాలి లోపల నరమేదో తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు.

కార్యదర్శి ఫోన్‌లో "రిపోర్టు గట్టిగా రాశావయ్యా, ఇక నుంచి ఒక్కడూ నోరెత్తడు" అన్నాడు.

నిజమే. ఇవాళ్టి మ్యాచ్‌లో ఒక్క కోచ్ కూడా నోరెత్తలేదు. నేను ఊదితే సరే, ఊదకపోతే సరే. హాలు చావింటిలా ఉంది. ఇలాంటి రోజు కోసమే పందొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. తీరా వచ్చాక, మ్యాచ్ అవగానే బట్టలు కూడా మార్చుకోకుండా ఇంటికొచ్చేశాను.

నవంబర్ 8, ఆదివారం

పొద్దున మా అమ్మాయీ నేనూ కూరగాయలకి వెళ్ళాం. రోడ్డు దాటుతుంటే సైకిల్ వచ్చి గుద్దింది. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి గీరుకుంది. సైకిల్ ఆయన పెద్దవాడు, నాకంటే ఎక్కువ వణికిపోయాడు. "బెల్లు కొడుతూనే ఉన్నాను బాబూ, మీరు నావైపు చూసి కూడా అడుగేశారు" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి కుర్చీలో కూర్చోమంది. పద్నాలుగేళ్ళది, ఈమధ్య నాతో మాట్లాడటమే గగనం. నా ఎదురుగా గోడ మీద కేలండర్ చూపించి, "నాన్నా, ఆ తేదీ మీదే చూపు పెట్టు. కదపకు" అంది. తర్వాత నా పక్కన ఎక్కడో నిలబడింది.

"ఎన్ని వేళ్ళు?"

"ఏ వేళ్ళు?"

"ఇప్పుడు?"

"ముందు చెయ్యి ఎత్తు, చెప్తాను."

నేను తల తిప్పి చూశాను. దాని చెయ్యి నా చెంపకి జానెడు దూరంలో ఉంది. ఐదు వేళ్ళూ విప్పి పట్టుకుని ఉంది. నేను చూడగానే చెయ్యి దించేసి, "అమ్మా" అని వంటింట్లోకి పరిగెత్తింది.

నవంబర్ 10, మంగళవారం

మా ఆవిడతో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. అక్షరాల బోర్డు ఆఖరి వరస దాకా గడగడా చదివేశాను. చూశారా అన్నట్టు ఆవిడ వంక చూశాను. డాక్టరు ముఖం మాత్రం మారలేదు.

తర్వాత ఒక చీకటి గదిలో పెద్ద తెల్ల గిన్నెలాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. చేతిలో ఒక మీట ఇచ్చారు. గిన్నెలో చిన్న చిన్న వెలుగు చుక్కలు వస్తాయి, కనపడినప్పుడల్లా నొక్కాలి, అంతే. నొక్కాను. నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. చాలాసేపు కూర్చున్నాను.

"అమ్మా, యంత్రం ఆగిపోయినట్టుంది" అన్నాను.

"లేదండీ. చుక్కలు వస్తూనే ఉన్నాయి" అంది లోపలున్న అమ్మాయి.

నీటికాసులట, అంటే గ్లకోమా. ఎడమ కన్ను చాలా వరకు పోయింది. కుడి కంట్లోనూ ముక్కు వైపు మొదలైంది. మధ్యలో చూపు బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి తెలియదట. చదవగలరు, రాయగలరు, మొహాలు గుర్తుపట్టగలరు. పక్కన జరిగేది మాత్రం ఉండదు. చీకటిగా కూడా ఉండదు. అసలు ఉండదు.

"ఎప్పటి నుంచి?" అని ఆవిడ అడిగింది.

"ఏళ్ళ నుంచీ అయ్యుండొచ్చు" అన్నాడు డాక్టరు. "పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం. ఇంట్లో ఎవరికైనా ఉందా?"

లేదన్నాను. బస్సెక్కాక నాన్న గుర్తొచ్చాడు. చివరి ఐదారేళ్ళు గోడ తడుముకుంటూ నడిచేవాడు. వయసు మీద పడిందిలే అనుకున్నాం.

నవంబర్ 12, గురువారం

'వెనక నుంచి వచ్చి' అని రాశాను.

నవంబర్ 14, శనివారం

పొడుగోడిని టీ కొట్టు దగ్గరికి పిలిచాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. వాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు. అదే నన్ను కుంగదీసింది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు ఆవిడ నన్ను తోసిందా?"

వాడు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "చెయ్యి పట్టుకుంది అన్నా. మీ పక్కనే నిలబడి 'సార్' అని మూడుసార్లు పిలిచింది. మీరు పలకలేదు. అప్పుడు చెయ్యి పట్టుకుంది. మీరే ఉలిక్కిపడి వెనక్కి తూలారు."

"మరి ఎందుకు సంతకం పెట్టావు?"

"మీరు రాశారు కదా. మీరు సీనియరు." గ్లాసు కింద పెట్టి అన్నాడు. "నన్నెవరూ అడగలేదన్నా."

తిట్టాలనుకున్నాను. వాడి వయసులో నేనైనా సంతకం పెట్టేవాణ్ణే.

నవంబర్ 17, మంగళవారం

కార్యదర్శి గది. కప్పుల బీరువా, తిరగని ఫ్యాను, టేబుల్ మీద దొంతర్లుగా ఫైళ్ళు. నా ఉత్తరం చదివి మడతపెట్టి సొరుగులో పెట్టాడు.

"రిపోర్టు వెనక్కి తీసుకుంటానంటావు. ఎందుకని? కనపడలేదు కాబట్టి. సరే. ఈ సీజన్లో నువ్వు పదకొండు మ్యాచ్‌లు చేశావు. పదకొండింట్లో ఓడిపోయిన పదకొండు జట్లూ రేపు పొద్దున్నే నా గుమ్మం ముందు ఉంటాయి. అవునా?"

"ఉండనివ్వండి. ఆవిడ తప్పేం లేదు."

"నువ్వు మంచివాడివయ్యా. ఆరోగ్యం బాగోలేదని తప్పుకో. ఫైనల్ రోజున నలుగురిలో కూర్చోబెట్టి నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తాం. ఏడాది ఎంతలో గడుస్తుంది? ఆవిడా మళ్ళీ వస్తుంది."

"ఆవిడ ఉద్యోగం పోయింది."

"అది క్లబ్బు వాళ్ళ వ్యవహారం" అని ఫోన్ తీసుకున్నాడు.

నేను ఇంకా నిలబడే ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఆయన రెండో ఫోన్ కూడా మాట్లాడటం మొదలుపెట్టాడు.

నవంబర్ 22, ఆదివారం

వారమంతా వాయిదా వేసి ఇవాళ మైకు మేడమ్ ఇంటికి వెళ్ళాను. ఇంట్లో లేదు. తొమ్మిదో నంబరుతో మోకాలి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఉద్యోగం పోయినా రోజూ ఆ పిల్లని తీసుకెళ్ళి తీసుకొస్తోందట.

అక్కడికే వెళ్ళాను. పొడుగాటి గది, చాపలు, గోడకి అద్దాలు. ఆ పిల్ల చాప మీద వెల్లకిలా పడుకుని కట్టున్న కాలు లేపుతోంది. మైకు మేడమ్ పక్కన కూర్చుని లెక్కపెడుతోంది. ఎంత చిన్న గొంతో! నేను విన్న ఆ గొంతు హాలు కోసం పెట్టుకున్నదన్నమాట.

నన్ను చూసి లెక్క ఆపింది. నా కంటి సంగతి నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

ఆవిడ ఆ పిల్ల కాలు పట్టి చాప మీదికి దించింది. తర్వాత, "ఏ కన్ను?" అంది.

"ఎడమది ఎక్కువ."

"సెప్టెంబర్లోనే చెప్పాను కదండీ, చూపించుకోమని."

"తిట్టారనుకున్నాను."

"నోటికొచ్చినట్టు తిట్టింది వేరే. అదొక్కటీ తిట్టు కాదు." ఆవిడ గొంతు కొంచెం లేచింది, మళ్ళీ దిగింది. "ఎడమ పక్క మా పిల్లల్ని కొడుతుంటే మీరు చూడరు. మా పిల్లలు వాళ్ళని కొట్టినా చూడరు. పక్షపాతమైతే ఒకవైపే ఉండాలి కదా. అప్పుడే అనుమానం వచ్చింది. కార్యదర్శి గారికి ఉత్తరం కూడా రాశాను. ఆయన మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఫైనల్ నీకే వేస్తున్నాను, సంతోషంగా ఉండు అన్నాడు. ఆ మాట ఆవిడతో అనలేదు.

చాప మీంచి ఆ పిల్ల అడిగింది. "అయితే అంకుల్, ఆ మోచెయ్యి మీరు చూడలేదా? చూసీ వదిలేశారనుకున్నాను."

"చూడలేదమ్మా."

ఏమనుకుందో తెలియదు. పైకప్పు వంక చూస్తూ మళ్ళీ కాలు లేపింది. "మేడమ్, ఎంత దాకా వచ్చాం?"

"ఏడు" అంది ఆవిడ. నా వైపు తిరిగి, "నాకు ఓదార్పులొద్దు సార్. ఈ మాటే వచ్చి కమిటీ ముందు చెప్పండి" అంది.

చెప్తానన్నాను.

డిసెంబర్ 6, ఆదివారం

కమిటీ అయింది. టేబుల్‌కి అటు ముగ్గురు, చివర్లో కార్యదర్శి. ఇటు మైకు మేడమ్, నేనూ, పొడుగోడూ. డాక్టరు కాగితం ముందు పెట్టాను. అందులోని పటంలో నాకు కనపడని చోటంతా నల్లగా వేసి ఉంది. అధ్యక్షుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కోచ్ మిమ్మల్ని తోశారని రాశారు."

"రాశాను. అది తప్పు."

"తొయ్యలేదని మీకెలా తెలుసు?"

"నాకు ఆ వైపు కనపడదు. ఆవిడ రావడం చూడలేదు. చెయ్యి పడగానే కంగారులో తోసిందనుకున్నాను."

"అంటే ఆవిడ ఏం చేసిందో మీరు చూడలేదు."

"చూడలేదు."

"చూడనప్పుడు, తొయ్యలేదని మాత్రం ఎలా చెప్తారు?"

ఆయన వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు.

"ఈయన చూశాడు" అని పొడుగోడిని చూపించాను.

వాడు నా వంక చూడలేదు. నా బదులు ఫైనల్ వాడికి వేశారని మొన్ననే తెలిసింది. "నేను అప్పుడు దెబ్బ తగిలిన అమ్మాయి వైపు చూస్తున్నాను సార్. సరిగ్గా చూడలేదు" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ తన ఉత్తరం సంగతి అడిగింది. "రెఫరీ గుడ్డివాడని ఉత్తరాలు సీజన్‌కి నలభై వస్తాయమ్మా. ఏదని చూడను?" అన్నాడు కార్యదర్శి. ముగ్గురిలో ఒకాయన నవ్వాడు. నవ్వి, నన్ను చూసి, ఆపేశాడు.

నిషేధం అలాగే ఉంచారు. ఆ రోజు రాసిన రిపోర్టు అప్పటికప్పుడు రాసింది కాబట్టి నమ్మదగిందట. ఇవాళ చెప్పింది జాలితో చెప్పిందట. నా మాట మీద వాళ్ళకి ఎంత నమ్మకమంటే, నేనే కాదన్నా వదలడం లేదు.

బయట మెట్ల దగ్గర ఆవిడ రెండు మెట్లు దిగి, ఆగి, "వచ్చినందుకు థాంక్స్" అని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబర్ 7, సోమవారం

విజిలూ బ్యాడ్జీ పంపించేశాను. ప్రెస్సులో తప్పులు పదహారు పట్టాను.

డిసెంబర్ 13, ఆదివారం

ఫైనల్. కార్యదర్శి చెప్పిన నాలుగు మంచి మాటల కోసం పిలుపు వచ్చింది. వెళ్ళనని మా ఆవిడతో చెప్పాను. మూడింటికి కాళ్ళు అటే నడిచాయి. అమ్మాయి ఎడమ వైపు నడుస్తూ హాలు దాకా దిగబెట్టి, "ఐదింటికి వస్తాను, ఇక్కడే ఉండు" అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి వెళ్ళింది.

లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. హాలు పక్కన సైకిళ్ళు పెట్టే చోట పైన వరసగా కిటికీలు ఉంటాయి, అందనంత ఎత్తులో. వాటి కింద గోడకి ఆనుకుని మైకు మేడమ్ నిలబడి ఉంది. ఆవిడ జట్టే ఫైనల్ ఆడుతోంది. కొత్త కోచ్‌తో, తొమ్మిదో నంబరు లేకుండా. ఆవిడ గడప తొక్కకూడదు కానీ గోడకి ఆనుకోకూడదని ఎవరూ రాయలేదు.

నన్ను చూసి కొంచెం జరిగింది. నేనూ గోడకి ఆనుకున్నాను. లోపల బూట్లు కీచుమంటున్నాయి. బంతి చప్పుడు, కేకలు. స్కోరు తెలియదు. ఎవరి కేకలో కూడా తెలియదు.

ఉన్నట్టుండి విజిల్ మోగింది. ఒక్కటే, పొడుగ్గా. పొడుగోడిదే, వాడు అలాగే ఊదుతాడు. హాలంతా గొల్లుమంది.

ఆవిడ గోడ మీంచి లేచి రెండడుగులు ముందుకేసింది. ముందుకెళ్ళడానికి చోటు లేదు, సైకిళ్ళున్నాయి. చెయ్యి గాల్లోకి లేచింది, నోరు తెరుచుకుంది. ఎవరితో పోట్లాడాలో, దేని గురించి పోట్లాడాలో తెలియక అలాగే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏంటి సార్ అది? ఫౌలేనా?"

పందొమ్మిదేళ్ళలో ఒక విజిల్ గురించి కోచ్ నన్ను అరవకుండా అడిగిన మొదటి ప్రశ్న. కిటికీల వంక చూశాను. ఆకాశం తప్ప ఏమీ లేదు.

"తెలియదు మేడమ్" అన్నాను. "నాకు కనపడలేదు."

ఆవిడ చెయ్యి దించింది. లోపల మళ్ళీ బంతి మొదలైంది. ఐదింటి దాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.